గురువునందు దోషము కనబడినప్పుడు

మా గురువుగారి పేరు ఈ వ్యాసమునందెక్కడను కనబడదు. అది మఱపు కాదు. తన పేరును, గురువు పేరును, పిసినారి పేరును, జ్యేష్ఠసంతానము పేరును, భార్య పేరును శ్రేయస్సు కోరువాడు పలుకరాదని పెద్దలు చెప్పుదురు. గురువును పిసినారి ప్రక్కన కూర్చుండబెట్టిరేమి యని చిన్ననాట మేము నవ్వుకొనెడివారము. నేడా నియమము నాకు మఱియొక విధముగా నుపకరించుచున్నది. నేను వ్రాయబోవునది వారి కీర్తి మాత్రమే కాదు.

గోదావరి మండలములలో గురువులను గూర్చి వ్రాయుట క్రొత్త విషయము కాదు. కడియములో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు (1870–1950) తమ గురువులైన చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారిని జీవితాంతము తలచుకొనిరి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు (1891–1961) ‘అనుభవాలూ-జ్ఞాపకాలూనూ’ అను గ్రంథములో ఆనాటి చదువులను కన్నులకు కట్టించిరి. ఈ పత్రికలోను గురుస్మరణములు తఱచుగా వచ్చుచుండును. వానినన్నిటిని నేను భక్తితో చదువుదును. కాని ఒక ప్రశ్న మాత్రము వానిలో నాకు కనబడదు. మనల నింతవారిని జేసిన మహనీయునియందే ఒకనాడు స్పష్టముగా ఒక దోషము కనబడినచో శిష్యుడేమి చేయవలెను? కనులు మూసికొనవలెనా? లేచి పోవలెనా? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో దొరికినది కాదు. అది నా పండ్రెండవ యేట, అరుగు మీద, నా యెదుటనే జరిగినది.

గౌతమీ పాయ యొడ్డున, కోటిపల్లి రేవునకు ఎగువగా, ఒక అగ్రహారములో మా పాఠశాల. పాఠశాల యనగా గురువుగారి యిల్లే. 1967లో, నా తొమ్మిదవ యేట, మా నాయనగారు నన్నచ్చట విడిచి వచ్చిరి. మేము ఏడుగురము విద్యార్థులము. వారములో మూడు దినములు ఊరిలో వారాలు, తక్కిన దినములు గురువుగారింటనే భోజనము. తెల్లవారుజామున లేచి ఏటిలో మునిగి వచ్చి కూర్చుండుసరికి, గురుపత్నిగారు మాకు తరవాణి సిద్ధము చేసి యుంచెడివారు. ఆ పులుపు ఇప్పటికిని నా నాలుకపై నున్నది. పిమ్మట సంత. గురువుగారొకసారి చెప్పిన పనసను మేము రెండుమారులు చెప్పవలెను. స్వరము తప్పినచో వారు కొట్టరు, మొదటినుండి చెప్పింతురు. దానికంటె కొట్టినచో బాగుండునని మాకు తోచెడిది. పాడ్యమికిని అష్టమికిని అనధ్యాయము. ఆ దినములకై మేము పంచాంగమును చూచినంత శ్రద్ధగా జ్యోతిష్కులైనను చూడరు.

గురువుగారికి రెండెకరముల మాన్యము తప్ప వేఱు ఆధారము లేదు. విద్యార్థులవద్ద ఒక్క కాసైనను పుచ్చుకొని యెఱుగరు. ఒకమారు ఒక సంపన్నుల యింట పారాయణమునకు నన్ను వెంటబెట్టుకొని వెళ్లిరి. మూడవనాడు జ్వరము వచ్చి, ఒక ప్రశ్న వదలివేయవలసి వచ్చినది. చివరనాడు సంభావన చేతిలో పెట్టగా, వారచ్చటనే కూర్చుండి లెక్కకట్టి, ఆ ప్రశ్నకు వచ్చు భాగమును తిరిగి యిచ్చివేసిరి. ఇంటివారు వలదు వలదనిరి. “చెప్పని ప్రశ్నకు డబ్బెలా తీసుకుంటానండీ?” అనిరి. అంతే. దారిలో ఆ సంగతి మఱి యెత్తనేలేదు. తరువాత ముప్పదియేడేండ్లు నేను నెలజీతము తీసికొంటిని. ప్రతి నెల చివరను ఆ మాట చెవిలో పడుచునే యుండెను. పాఠము చెప్పక కాలక్షేపము చేసిన దినములు జ్ఞప్తికి వచ్చుచునే యుండెను. అట్టివారు మా గురువుగారు. ఇది ముందుగా చెప్పుట నా ధర్మము.

మధ్యాహ్నపు వేళ అరుగు మీద అమరకోశము నడచెడిది. అరుగునకెదురుగా రావిచెట్టు, దాని క్రింద చిన్న రేవు. రేవు నడపు పల్లెవారి పిల్లవాడొకడు, నా యీడువాడే, పడవను చెట్టు వేరునకు కట్టి మా చదువు వినుచుండెడివాడు. దర్భలు కోసికొని వచ్చుటకు మమ్ము గురువుగారు లంకకు పంపుచుందురు. ఒకనాడు వాని పడవలో నేనొక్కడనే దాటుచుండగా, వాడు తెడ్డు వేయుచు స్వర్గవర్గము చెప్పసాగెను. పదములన్నియు కలగలసి యున్నవి. అర్థమేమియు వానికి తెలియదు. కాని ఒక శ్లోకము వెనుక మఱియొక శ్లోకము తప్పక వచ్చుచున్నది. నాకాశ్చర్యమును, కొంచెము గర్వమును కలిగినవి. గర్వమెందుకనగా, చెప్పుటకు నాకొక శిష్యుడు దొరికెను! మూడు నెలలు, దర్భలకై వెళ్లినప్పుడెల్ల, వానికి పదములు విడదీసి చెప్పితిని. మా అరుగు మీద ఒక పూట పట్టినది వానికి ఏఱు దాటులోపల వచ్చెడిది.

వారివర్గము నడచుచుండిన రోజులవి. నీటి పేర్లు, అలల పేర్లు, రేవుల పేర్లు, పడవల పేర్లు అందులో వచ్చును. ఆనాడు నౌక, తరణి, తరి వఱకు పాఠమైనది. వాడు తడిసిన తెడ్డు భుజమున పెట్టుకొని, చెట్టు క్రిందనుండి లేచి వచ్చి అరుగు ముందు నిలిచెను. “అయ్యగారూ, పడవకి పేర్లు చెప్పారు గదండీ. తెడ్డుకేమంటారండీ?” అనెను.

గురువుగారు తలయెత్తిరి. “నీకీ చదువెందుకురా? ఏం విన్నావు, చెప్పు” అనిరి. వాడు సంతోషముతో, నిజముగా సంతోషముతో, ఆరు శ్లోకములు గుక్క తిప్పుకొనక చెప్పెను. అది విన్నకొలది గురువుగారి ముఖము మాఱినది. “ఎవడు చెప్పాడురా నీకు?” అని గద్దించిరి. వాడు నావంక చూడలేదు. “నేనే విన్నానండి” అనెను. నేను ఒళ్లోని పుస్తకము వైపు చూచుచుంటిని. “ఇంకోసారి ఈ అరుగు ఛాయలకొచ్చావంటే, ఊళ్లోవాళ్లతో చెప్పి మీ నాన్న రేవు మాన్పిస్తాను. పో!” అనిరి. వాడు వెళ్లిపోయెను. మఱునాటినుండి అమరము లోపలి వసారాలోనికి మాఱినది. తెడ్డు పేరు ఆనాడే, తలుపు వేసికొని, మేము నేర్చుకొంటిమి.

చాలకాలము ఇది గురువుగారి దోషముగానే నా మనస్సులో నుండెను. పెద్దవాడనైనకొలది ఆ దోషము మఱింత పెద్దదిగా కనబడెను. అమరకోశము వేదము కాదు, మంత్రము కాదు. నామలింగానుశాసనము, అనగా పేర్లును వాని లింగములును చెప్పు నిఘంటువు. దానికి ఉపనయనముతో పనిలేదు. పైగా దానిని రచించిన అమరసింహుడు బౌద్ధుడని మన సంప్రదాయమే చెప్పుచున్నది. బౌద్ధుని పుస్తకముతో వైదికుల పిల్లలకు చదువు మొదలుపెట్టుటకు మన పెద్దలెవ్వరికిని అభ్యంతరము లేకపోయినది. మఱి వినువాని విషయములోనే అధికారచర్చ యెందుకు వచ్చినది? ఇట్టి తర్కములు నేను చాల చేసితిని. చేసిన కొలది గురువుగారు చిన్నవారై, నేను పెద్దవాడనైతిని. అందులో ఒక సుఖము కలదు, దాచుట యెందుకు?

1974లో వ్యాకరణము చదువుటకు రాజమహేంద్రవరము చేరితిని. అచ్చట నాకు లభించిన రెండవ గురువుగారు అన్నివిధముల మొదటివారికి ప్రతికోటి. నవ్వుచు కౌముది చెప్పెడివారు. తెలియని చోట “నాకూ తెలీదు, రేపు చూద్దాం” అనెడివారు. మఱునాడు గౌతమీ గ్రంథాలయములో వెదకి, కాగితముపై వ్రాసికొని వచ్చెడివారు. వారి యింటి వీథిగదిలో ఎవరు వచ్చి కూర్చుండినను పాఠము చెప్పెడివారు; నీవెవడవని అడుగుట నేనెన్నడును వినలేదు. 1979 పుష్కరములలో ఒక సాయంకాలము కోటిలింగాల రేవు మెట్లపై వారితో కూర్చుండియుండగా, నా మొదటి గురువుగారి కథ యంతయు చెప్పితిని. వారు మెచ్చుకొందురని నా ఆశ. వారు విని, కొంతసేపూరకుండి, “ఆ పిల్లవాడికి పదవిభాగం ఎవరు చెప్పారు?” అనిరి.

“నేనేనండి.”

“మీ గురువుగారు అడిగినప్పుడు నువ్వెక్కడున్నావు?”

“అక్కడే ఉన్నానండి.”

“ఐతే ఇది మీ గురువుగారి కథ ఎలా అయిందోయ్?”

నా నోట మాట రాలేదు. ఇంతవఱకు ఈ వ్యాసమునకు పెట్టిన పేరునందు కూడ ఆ పొరపాటే యున్నదని చదువరులు గ్రహించియుందురు.

వారు నన్నంతతో విడిచిపెట్టలేదు. శిక్షావల్లిలో చదువు ముగించి వెళ్లు శిష్యునకు ఆచార్యుడు చేయు ఉపదేశమును జ్ఞప్తికి తెచ్చిరి. సత్యము, ధర్మము, స్వాధ్యాయము అన్నియు చెప్పి, నడుమ ఆచార్యుడే తనను గూర్చి ఒక మాట చెప్పుచున్నాడు: మాలోని మంచి నడవడిని మాత్రమే నీవు పాటింపుము, తక్కినది వలదు అని. నేనీ అనువాకమును వేలమార్లు స్వరముతో వల్లించినవాడను. తనలో పనికిరానిది కొంత యున్నదని ఒప్పుకొనుచున్న గురువును అందులో నేనెన్నడును చూడలేదు. “గురువులో తప్పు విడిచిపెట్టడం గురుద్రోహం కాదు, గురువాజ్ఞ” అనిరి వారు. “కానీ విడిచిపెట్టడమంటే ఊరుకోవడం కాదు” అని చేర్చిరి.

దీనికి వారు చూపిన ప్రమాణము మా సూత్రకారుడైన ఆపస్తంబుడే. శిష్యుడు ఆచార్యునకు అధీనుడై యుండవలెను, పాతిత్యము కలిగించు పనులయందు తప్ప అని ఆయన మొదటనే హద్దు గీసెను. ఆచార్యుడు పొరపాటుననో, తెలిసియో నియమము దాటినచో శిష్యుడు ఏకాంతమున ఆ సంగతి తెలుపవలెనని మఱియొకచోట విధించెను. ఏకాంతమున అను మాట నాకు ముఖ్యముగా తోచినది. సభలో కాదు, వీథిలో కాదు. అట్లని మనస్సులోనే కాదు. గ్రంథము చివర, స్త్రీలయందును శూద్రులయందును నెలకొని యున్న విద్యయే విద్యకు ముగింపు అన్న భావము వచ్చును. అదే గ్రంథములో నేటి మనస్సునకు మింగుడుపడని కఠినవిధులు ననేకములు కలవు. వానిని దాచి దీనిని మాత్రము చూపినచో నేను వకీలునగుదును గాని పండితుడను గాను. గ్రంథమునకు కూడ శిక్షావల్లి న్యాయమునే అన్వయించుకొనవలెనని మా రెండవ గురువుగారి తీర్పు. అది చాలమందికి నచ్చదని నేనెఱుగుదును.

ద్రోణుడును ఏకలవ్యుడును చదువరుల మనస్సులో నింతకుముందే మెదలియుందురు. ఆ కథ తెలుగున మొట్టమొదట పుట్టినది మా గోదావరి గట్టుననే. రాజరాజనరేంద్రుని కాలమున నన్నయభట్టు ఆదిపర్వమును తెలిగించినప్పుడు. తొమ్మిది వందల యేండ్లకు పైగా ఆ బొటనవ్రేలిని గూర్చి మనము వాదించుచున్నాము. ద్రోణుడు చేసినది తగునా తగదా యని యొకరు, ఏకలవ్యుని భక్తి యెంత గొప్పదని యొకరు. అక్కడ మూడవవాడొకడున్నాడు. నన్ను మించినవాడు లేడంటివే యని గురువువద్ద మొఱపెట్టుకొన్నది అర్జునుడు. వ్రేలు తెగుచుండగా ఊరకున్నదియు అర్జునుడే. ద్రోణుని నిందించుటకు మనకు నోరున్నది, ఏకలవ్యుని పొగడుటకు మనస్సున్నది. అర్జునుని వైపు మాత్రము చూడము. ఏలయనగా చదువుకొన్నవారమెల్ల అతని స్థానముననే కూర్చుండియున్నాము. అతడు మేలు పొందినవాడు. నేనైతే మొఱపెట్టుకొనలేదు, ఊరక కూర్చుంటిని. అంతమాత్రమే భేదము.

గురువుతో విభేదించుటయే పాపమనువారికి భీష్ముని చూపవచ్చును. అంబ విషయమున పరశురామునితో యుద్ధము చేసినవాడు, రథము దిగి పాదములకు మ్రొక్కి మఱి బాణము తొడిగినవాడు. రామానుజులవారు తిరుక్కోట్టియూరులో గురువాజ్ఞను దాటి మంత్రార్థమును పదిమందికి చెప్పిరనియు, తమకు నరకమైనను సరేయని యనిరనియు, చివరకు గురువే కౌగిలించుకొనెననియు శ్రీవైష్ణవులు చెప్పుకొందురు. మా ప్రాంతపు అర్తమూరు వారైన పెద్ద జీయరుస్వామివారు అష్టాక్షరిని ఊరూర స్తూపములపై చెక్కించినప్పుడు నాకా కథయే తలపునకు వచ్చెడిది. ఇవి మహాత్ముల కథలు. మనవంటివారికి యుద్ధము చేయవలసిన పనిలేదు, గోపురమెక్కవలసిన పనియు లేదు. నిజమైన మాట ఒక్కటి, సమయమునకు చెప్పిన చాలును. ఆ ఒక్కటియే కష్టము.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వఱదను ఈ ప్రాంతమువారెవ్వరును మఱువరు. ధవళేశ్వరమువద్ద ముప్పదియైదు లక్షల క్యూసెక్కుల నీరు పాఱినది; లంకలు మునిగినవి. నేనప్పటికి ఉన్నత పాఠశాలలో పండితుడనై యైదేండ్లైనది. దారులు తెఱచిన పిదప బియ్యము కొంత తీసికొని గురువుగారి యూరు వెళ్లితిని. వారికప్పటికి డెబ్బది దాటినవి. అగ్రహారము మెరకపై నుండుటచేత వారి యిల్లు నిలిచినది. లంకలనుండి వచ్చినవారు వారి యరుగు మీద, వసారాలో, అమరము చెప్పుకొన్న ఆ లోపలి వసారాలోనే, పండుకొని యున్నారు. గురుపత్నిగారు గంగాళముతో అన్నము వండుచున్నారు. అటుకమీది ధాన్యము సగము ఖాళీ యైనది. ఎవరు ఏ కులమువారో గురువుగారడిగినట్లు లేదు. నాకాశ్చర్యమైనది; కోపమును వచ్చినది. అన్నమునకు లేని అడ్డు అక్షరమునకెందుకు వచ్చినదని!

ఆ రాత్రి వారొక్కరే పెరటిలో మంచముపై నున్నప్పుడు, ఏకాంతమున, పదునాఱేండ్లు ఆలస్యముగా, ఆ మాట కదిపితిని. “ఆ పల్లెవారి అబ్బాయికి అమరం చెప్పింది నేనండి” అంటిని.

“తెలుసురా” అనిరి.

“ఎలాగండి?”

“నువ్వు విసర్గని మింగేవాడివి. వాడూ సరిగ్గా ఆ చోట్లే మింగాడు.”

నేను నిశ్చేష్టుడనైతిని. “మరి నన్నేమీ అనలేదేమండి?”

“నువ్వు చెబుతావేమోనని చూశాను. మర్నాడూ చూశాను.” కొంతసేపు విసనకఱ్ఱ విసరుకొనిరి. “వాడు తెడ్డు పేరడిగాడు. చెప్పావా?”

“లేదండి.”

“నేనూ చెప్పలేదు” అని లేచి లోపలికి వెళ్లిరి.

తాము చేసినది తప్పని వారు నాతో చెప్పలేదు. చెప్పిరని వ్రాసినచో ఈ వ్యాసము బాగుగా ముగియును గాని, అది చెప్పని ప్రశ్నకు సంభావన తీసికొనుట యగును. 1988లో వారు శరీరము చాలించిరి.

ఆ రేవునకు వెళ్లుటకు నాకింకొక యేడాది పట్టినది. దూరము పది మైళ్లే. 1987 వేసవిలో వెళ్లితిని. తండ్రి పోగా రేవు వాడే నడుపుచున్నాడు. పడవలో పదిమందిమి. నేను పేరు చెప్పుకొనకముందే గుర్తుపట్టెను. “మీరాండీ! ఆవేళ మీరు అరుగు మీదే ఉన్నారు గదండీ” అనెను. దానిలో నిష్ఠూరమున్నదో లేదో నాకీనాటికిని తెలియదు. నడి యేటిలో, అందఱును వినుచుండగా, “తెడ్డుకి క్షేపణి అంటారు. అరిత్రం అని కూడా అంటారు” అని చెప్పితిని. వాడు తెడ్డు ఆపలేదు. “క్షేపణి, అరిత్రం” అని ఒకమారు పలికెను. అక్షరము తప్పలేదు.

ఒడ్డు చేరిన పిదప అందఱితోపాటు నేనును రేవు డబ్బులిచ్చితిని. వాడు పుచ్చుకొని, లెక్క చూచి, రావలసిన చిల్లర నా చేతిలో పెట్టెను.